పెద్దస్వామి గదిలో నీళ్ళ చప్పుడు

రత్తమ్మగారిని ప్రశ్న అడగాలంటే ముందు చొక్కా చేతులు పైకి మడుచుకోవాలి. ఆ ఆశ్రమంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. అడిగితే ఆవిడ కోప్పడతారని కాదు, నవ్వి పంపేస్తారనీ కాదు. "తిన్నావా?" అంటారు. తిన్నానంటే ఒక పని అప్పజెబుతారు. అంతే, ఆ ప్రశ్న ఊసు ఇక ఎత్తరు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒక రిటైర్డు తాసిల్దారుగారి చేత మూడు రోజులు వేరుశనక్కాయలు ఒలిపించారు. ఆయన మూడో రోజు సాయంత్రం బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, ఆవిడ కాళ్ళకు మొక్కి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. జవాబు దొరికిందని మొక్కాడో, బతుకుజీవుడా అని మొక్కాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అందుకే మాలకొండయ్య నలభై రోజులు నోరు మెదపలేదు. పని అంటే భయపడే మనిషి కాదు. పూర్వం బస్సు కండక్టరు, యాభై దాటినా ఒళ్ళు వంచగలవాడు, ఆశ్రమానికి వచ్చి పన్నెండేళ్ళయింది. పెద్దస్వామి మంచాన పడ్డాక చివరి మూడేళ్ళూ ఆయనకు చేతికర్ర అయినా, చెంబైనా, పక్కబట్టైనా అన్నీ ఇతనే. అతని భయం అడగడం గురించి. అడగాలంటే ముందు జరిగింది చెప్పాలి. చెబితే ఆ మాట మళ్ళీ గాలిలోకి వస్తుంది. నలభై రోజుల కిందట ఒకసారి వచ్చిన మాట చాలదా అని అతని బాధ.

కానీ నలభయ్యో రోజు పొద్దున అడగక తప్పలేదు. దానికి ఆ ఆశ్రమం ఆచారమే కారణం. అక్కడ పెద్దవాళ్ళెవరైనా పోతే వాళ్ళ గదికి తాళం వేసి గడప ముందు దీపం పెడతారు. నలభై రోజులు లోపలికి ఎవరూ అడుగు పెట్టరు. నలభై ఒకటో రోజున తలుపు తీసి, చివరిదాకా సేవ చేసినవాడు ఆ గడప మీద నిలబడి, పోయినవారు ఆఖరున ఏమన్నారో అందరికీ వినబడేట్టు చెప్పాలి. ఆ చుట్టుపక్కల గుట్టలన్నీ పలకరాళ్ళే కనుక, ఆ మాటను ఒక పలక మీద చెక్కించి భజన మందిరంలో గోడకు తగిలిస్తారు. ఇప్పటికి మూడు పలకలున్నాయి. ఒకదాని మీద "దీపం చూసుకోండి" అని ఉంది. ఒకదాని మీద "చాలు" అని ఉంది. మూడోది బాగా పాతది, అక్షరాలు అరిగిపోయాయి. నాలుగో పలక సిద్ధంగా ఉంది, చెక్కేవాడు రేపు పొద్దున్నే వస్తాడు.

రత్తమ్మగారు వంటింటి వసారాలో చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. ఆవిడ ఒకప్పుడు సర్కారు ఆసుపత్రిలో నర్సు. పెద్దస్వామి బతికుండగానే ఆశ్రమం తాళాలు ఆవిడ కొంగుకు కట్టించారు. మాలకొండయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కూర్చున్నవాడు చాలాసేపు నేలమీద రాలిన గింజలు ఏరాడు. చివరికి అన్నాడు.

"అమ్మా, శిష్యుడు గురువు మీద నోరు జారాడనుకోండి. తప్పయిందని చెప్పుకునే లోపల ఆ గురువు వెళ్ళిపోయాడనుకోండి. ఇక వాడు ఎవరి కాళ్ళు పట్టుకోవాల?"

ఆవిడ తలెత్తలేదు. "తిన్నావా?" అన్నారు.

"తిన్నానమ్మా."

కొంగు ముడి విప్పి ఒక తాళంచెవి చాట అంచున పెట్టారు. "పెద్దస్వామి గదిలో కమోడు కారుతోంది. పోయి బాగుచెయ్యి. ట్యాంకు అడుగు బిళ్ళ సందులోంచి నీళ్ళు పోతున్నాయో లేదో తెలియాలంటే ట్యాంకులో గుప్పెడు పసుపు కలుపు. కలిపి ఊరికే కూర్చో. తర్వాత గిన్నెలోకి చూడు."

మాలకొండయ్యకు గుండె గుభేలుమంది. "రేపు కదమ్మా తలుపు తీయాల్సింది?"

"రేపు తీసేది అందరి కోసం" అన్నారు రత్తమ్మగారు. మళ్ళీ బియ్యంలో వేళ్ళు పెట్టారు.

అతని గుండె ఎందుకు గుభేలుమందో చెప్పాలంటే ఆ కమోడు సంగతి చెప్పాలి. మొత్తం ఆశ్రమానికి అదొక్కటే కమోడు. పెద్దస్వామికి మోకాళ్ళు వంగడం మానేశాక భక్తులెవరో తెచ్చి గదికి ఆనుకుని కట్టించారు. అక్కడి బోరు నీళ్ళు వట్టి ఉప్పు నీళ్ళు. చెంబులకు తెల్లగా పెంకు కడతాయి, కుళాయిలకు గడ్డం మొలుస్తుంది. ఏడాది తిరిగేసరికి ఫ్లష్ ట్యాంకు అడుగున రబ్బరు బిళ్ళ సరిగా కూర్చోక, నీళ్ళు సన్నగా గిన్నెలోకి కారడం మొదలైంది. కారినన్ని కారి, ట్యాంకు కాస్త ఖాళీ కాగానే మళ్ళీ దానంతట అదే నిండుతుంది. ముందు సుయ్‌మని ఒక ఊపిరి. తర్వాత గొంతులో గరగర. తర్వాత నిశ్శబ్దం. పావుగంటకొకసారి రాత్రీ పగలూ ఇదే వరస.

పెద్దస్వామి చివరి వారం రోజులూ ఆ చప్పుడు గురించే అడిగారు. "ఒరే మాలకొండా, ఆ నీళ్ళు ఆపరా. గోడవతల ఎవరో కూర్చుని ఏడుస్తున్నట్టుందిరా, కన్ను మూతపడ్డం లేదు" అనేవారు. మాలకొండయ్య "రేపు చూస్తా స్వామీ" అనేవాడు. ఆరు రోజులు ఆరు రేపులు చెప్పాడు. చెడ్డవాడై కాదు, నిద్రలేక. ఏడో రోజు పొద్దున అప్పటికే మూడుసార్లు పక్కబట్టలు మార్చి, నాలుగోసారి బకెట్లో కుక్కుతుండగా స్వామి మళ్ళీ అన్నారు, "ఆ నీళ్ళు ఆపరా" అని. ఒళ్ళు మండిపోయింది మాలకొండయ్యకు. విసురుగా వెళ్ళి ట్యాంకు వెనక గోడకున్న చిన్న కుళాయిని బిర్రుగా తిప్పి కట్టేశాడు. బయటికి వచ్చి, ఆ ముసలి ముఖంలోకి చూసి, "ఇంకెన్నాళ్ళు స్వామీ నాకీ చాకిరీ? ఇంకెన్నాళ్ళు?" అన్నాడు. అని, బకెట్ పట్టుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. బోరు తొట్టి దగ్గర బట్టలు ఉతికాడు. ఉతికినవే మళ్ళీ ఉతికాడు. అక్కడే నీడన కాసేపు నడుం వాల్చాడు. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేసరికి పెద్దస్వామి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయింది.

ఆ మాట ఎవరూ వినలేదు. తలుపు చప్పుడూ ఎవరూ వినలేదనే అతని నమ్మకం. అడిగిందానికి స్వామి జవాబు చెప్పి వెళ్ళారని మాత్రం అతనికి తెలుసు. ఎన్నాళ్ళు అంటే ఇవాళ్టిదాకానే అని.

మూడో రోజు తాళం వేసిన గది ముందు దీపంలో నూనె పోస్తుంటే లోపల సుయ్‌మంది. గొంతులో గరగరమంది. ఆగిపోయింది. అక్కడున్న ఆదెమ్మ అనే ముసలమ్మ చేతులెత్తి, "స్వామి లేచారు నాయనా! అదుగో, ఎప్పట్లాగే గొంతు సవరించుకుంటన్నారు!" అంది. వారం తిరగకుండా జనం రావడం మొదలుపెట్టారు. చప్పుడైనప్పుడల్లా ఆదెమ్మ గడప ముందు గ్లాసుతో పాలు పెట్టేది. కమోడు కారుతోందని తెలిసినవాళ్ళు కూడా ఆ మాట ఆవిడ ముఖం ముందు అనలేకపోయారు. ఇక మాలకొండయ్య ఒక్కడే ఆ చప్పుడు వినబడగానే లేచి వెళ్ళిపోయేవాడు. నీళ్ళు కట్టేసింది తను. తన చేత్తో, తన కోపంతో, ఇక తిరగనంతగా బిగించాడు. శవానికి స్నానం చేయించిందీ తనే, అందర్నీ బయటికి పంపి గదికి తాళం వేసిందీ తనే. ఆ మధ్యలో ఎవరూ ఆ కుళాయి దగ్గరికి పోలేదు. మరి ఏ నీళ్ళు ట్యాంకులోకి వస్తున్నాయి? ఎవరు తిప్పారు? ఈ ప్రశ్న మాత్రం అతను రత్తమ్మగారిని అడగలేదు. అడిగితే ఏం పని చెబుతారోనని.

సరే, చెప్పనే చెప్పారు. మాలకొండయ్య వంటింట్లో పసుపు పొట్లం తీసుకున్నాడు, కొబ్బరిపీచు తీసుకున్నాడు. మర్నాటి పూజకని గోడలకు సున్నం వేస్తున్నారు, ఆ బకెట్ ఒకటి వసారాలో ఉంటే అందులోంచి చిన్న డబ్బాతో సున్నం ముంచుకున్నాడు. జనం ఇంకా రాలేదు. ఆదెమ్మ ఒక్కతే దూరంగా స్తంభానికి ఆనుకుని జపమాల తిప్పుతోంది. అతని చేతిలో తాళంచెవి చూసి మాల ఆపేసింది.

తలుపు తీస్తే గదిలోంచి విభూతి వాసన, మూసిపెట్టిన బట్టల వాసన ఒక్కసారి ముఖానికి తగిలాయి. పైకప్పు పలకల సందుల్లోంచి ఎండ సన్నటి పుల్లల్లాగా నేలమీద పడుతోంది. మంచం మీద బొంత అలాగే ఉంది, తల పెట్టుకున్నచోట పల్లం కూడా అలాగే ఉంది. గోడకు చేతికర్ర ఆనించి ఉంది. దాని పిడికి కావిగుడ్డ పేలిక చుట్టి ఉంది. స్వామికి చివర్లో వేళ్ళకు పట్టు పోయింది. కర్రకూ, గ్లాసుకూ, గొళ్ళేనికీ, చెయ్యి పడే ప్రతిదానికీ పేలిక చుట్టి, పళ్ళతో లాగి ముడేసుకునేవారు. అదొక వింత ముడి. ఆయన సన్యాసం పుచ్చుకోక ముందు మగ్గం నేసేవారు. తెగిన పోగు అతికే ముడి అది, ఆవగింజంత ఉంటుంది, ఎంత లాగినా జారదు. నేర్పమని మాలకొండయ్య ఎన్నోసార్లు అడిగాడు. నేర్పారు కూడా, ఇతని మొద్దు వేళ్ళకు అది పట్టుబడలేదు.

"స్వామీ, నేనే" అన్నాడు మాలకొండయ్య. ఎందుకన్నాడో అతనికే తెలియదు, అలవాటు.

బాత్రూములో సుయ్‌మంది.

కాళ్ళు నేలలో దిగబడ్డట్టు నిలబడిపోయాడు. గరగర కూడా అయిపోయి మళ్ళీ నిశ్శబ్దం వచ్చేదాకా కదల్లేదు. పారిపోదామని బుద్ధి పుట్టిన మాట నిజం. అటు పారిపోతే ఆదెమ్మ ఉంది, ఆదెమ్మ వెనక రేపటి పలక ఉంది. ఇటు చూస్తే ఏడుస్తున్న నీళ్ళున్నాయి. పీచు గట్టిగా పట్టుకుని లోపలికి నడిచాడు.

ట్యాంకు వెనక కుళాయి వైపు మాత్రం చూడలేదు. చూడదలుచుకోలేదు. మూసి ఉంటే ఏమవుతుంది, తెరిచి ఉంటే ఏమవుతుంది, రెండూ భయమే. గిన్నె వైపు చూశాడు. నలభై రోజులు ఉప్పు నీళ్ళు కారి కారి తెల్లటి పింగాణీ మీద గోధుమరంగు చార ఒకటి పైనుంచి కిందికి దిగింది. అది చూడగానే అతని మనసు చివుక్కుమంది. మూడేళ్ళలో ఒక్కనాడు కూడా స్వామి గిన్నెను ఇలా ఉంచలేదు తను. చెప్పిన పని పసుపు వేయమని. కానీ చేతులు ఊరుకోలేదు. సున్నం చేత్తో తీసి గిన్నెంతా పూసి, పీచుతో బరబరా రుద్దాడు. చార సగం పోయింది. మిగతా సున్నం కాసేపు నాననిద్దామని అడుగునే వదిలేసి, ట్యాంకు మూత తీసి, తడిచేత్తోనే పసుపు పొట్లం విప్పి గుమ్మరించాడు. మూత పెట్టి వచ్చి మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. మంచం మీద కూర్చునే ధైర్యం లేదు.

ఊరికే కూర్చోమన్నారు రత్తమ్మగారు. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెవులు నిక్కబొడుచుకుని వింటే నీళ్ళు కారే చప్పుడు నిజంగానే ఏడుపులాగా ఉంది. పెద్ద ఏడుపు కాదు, ఇంట్లో ఎవరూ వినకూడదని మోచేతిలో ముఖం పెట్టుకుని ఏడ్చే ఏడుపు. ఈ చప్పుడా ఆయన వారం రోజులు విన్నది, ఒక్కడే, గోడ వైపు తిరిగి? మాలకొండయ్య మంచం కోడు పట్టుకున్నాడు. "తప్పయింది స్వామీ" అని పైకే అన్నాడు. ఎండపుల్లలు కాస్త పక్కకు జరిగాయి. మళ్ళీ సుయ్‌మంది, గరగరమంది, ఆగింది.

లేచి వెళ్ళి గిన్నెలోకి చూశాడు.

గిన్నెలో రక్తం ఉంది.

చిక్కగా, ఎర్రగా, పైనుంచి సన్నటి ధారగా దిగుతూ అడుగున గుండ్రంగా తిరుగుతోంది. మాలకొండయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి అడుగేస్తే గోడ తగిలింది. పట్టుకోవడానికి గోడ మీద చెయ్యి వేశాడు. తీసి చూస్తే తెల్లగోడ మీద ఐదు ఎర్రటి వేళ్ళు. తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. అరచెయ్యి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, అంతా ఎరుపే. "నేనే చంపాను" అన్నాడు. ఈ మాట మెల్లగా, స్పష్టంగా, సాక్షి చెప్పినట్టు అన్నాడు. నలభై రోజులుగా లోపల నలుగుతున్న మాట అదే.

అలా ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. వాసన తగిలింది. వంటింటి వాసన. అరచేతిలో ఒక మూల ఇంకా పచ్చగానే ఉంది, ఇంకో మూల తెల్లగా ఎండిన సున్నం ఉంది, రెండూ కలిసినచోటే ఎర్రగా ఉంది. మాలకొండయ్య ఆ చేతిని చూశాడు, గిన్నెను చూశాడు, సున్నం డబ్బాను చూశాడు. పసుపూ సున్నం! ప్రతి పెళ్ళిలోనూ కాళ్ళకు పెట్టే పారాణి, ప్రతి ఇంట్లో పసిబిడ్డకు దిష్టి తీసే ఎర్రనీళ్ళు! తన కూతురి పెళ్ళికి తనే పళ్ళెంలో కలిపాడు. సున్నం వేసింది తను, పసుపు పోసింది తను, రక్తమని వణికిందీ తనే. "ఓరి నీ తెలివి తెల్లారిపోనూ!" అని తనను తాను తిట్టుకున్నాడు. నవ్వు వచ్చింది. ఖాళీ గదిలో ఆ నవ్వు అతనికే కొత్తగా వినిపించి, సగంలో మింగేశాడు.

కానీ ఆ నవ్వుతో ఒక పని జరిగింది. ఇంతసేపూ చూడనిచోటికి చూసే ధైర్యం వచ్చింది. పసుపు దిగింది కనుక కారేది అడుగు బిళ్ళే. బిళ్ళ తీయాలంటే ముందు నీళ్ళు కట్టేయాలి, నీళ్ళు కట్టేయాలంటే కుళాయి ముట్టుకోక తప్పదు. మోకాళ్ళ మీద కూర్చుని, తల గోడకు ఆనించి, ట్యాంకు వెనక సందులోకి చూశాడు.

కుళాయి తెరిచి ఉంది. దాని పిడికి కావిగుడ్డ పేలిక చుట్టి ఉంది. పేలిక చివర ఆవగింజంత ముడి.

ఈసారి మాలకొండయ్య భయపడలేదు. భయపడటానికి మనసులో చోటు లేదు. నలభై రోజుల కిందటి మధ్యాహ్నం ఒక్కసారిగా గుర్తొచ్చింది. శవాన్ని వసారాలోకి మార్చాక తను చేసిన మొదటి పని బకెట్‌తో నీళ్ళు పట్టుకుని బాత్రూములోకి రావడం. పొద్దున తను నీళ్ళు కట్టేసి వెళ్ళాడు కదా, బకెట్ కూడా పట్టుకుపోయాడు కదా, ఈలోగా స్వామి కమోడుకు వెళ్ళి ఉంటే అంతా అలాగే ఉండాలి కదా, జనం వచ్చేలోపల శుభ్రం చేయాలని. వచ్చి చూస్తే గిన్నె తళతళా ఉంది. సరే అనుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ ఏడుపులో, ఆ హడావిడిలో, ఎందుకు శుభ్రంగా ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మంచం నుంచి అక్కడికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులకు ఆయనకు మాలకొండయ్య భుజం కావాలి. భుజం లేకుండా గోడ పట్టుకుని వచ్చారు. వచ్చినపని అయ్యాక నొక్కితే నీళ్ళు రాలేదు. అలాగే వదిలేసి పోయి పడుకోవచ్చు. ఎవరు మాత్రం ఏమంటారు, మంచాన పడ్డ ముసలాయన్ను? కానీ వదిలేస్తే వచ్చి కడగాల్సింది మాలకొండయ్య. అందుకని వంగని ఆ మోకాళ్ళు వంచి, ఈ ఇరుకు సందులో చెయ్యి దూర్చి, బిగిసిపోయిన కుళాయి చేతికి పట్టు దొరక్కపోతే కట్టుకున్న బట్ట అంచు చింపి, పేలిక చుట్టి, పళ్ళ దగ్గరికి అందదు కనుక ఆ వణికే వేళ్ళతోనే ముడేసి, తిప్పారు. నీళ్ళు నిండేదాకా ఆగి గిన్నె కడిగారు. మళ్ళీ నాలుగడుగులు వేసి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఏ చప్పుడు భరించలేనన్నారో ఆ చప్పుడును ఆయనే మళ్ళీ తెరిచి వెళ్ళారు.

మాలకొండయ్య ఆ ఇరుకులో తల గోడకు కొట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

తర్వాత పని చేశాడు. గుడ్డ విప్పకుండానే కుళాయి కట్టేశాడు. ట్యాంకు ఖాళీ చేసి రబ్బరు బిళ్ళ పైకి తీశాడు. దాని అంచునా, అది కూర్చునే పీట మీదా ఉప్పు పెంకు గట్టిగా పేరుకుని ఉంది. బయట పడి ఉన్న పలకరాయి ముక్కతో మెల్లగా గీకాడు, కడిగాడు, వేలితో తడిమి చూశాడు. బిళ్ళను తిరగేసి వేశాడు. గిన్నె కడిగి, గోడ మీద ఐదు వేళ్ళూ తుడిచి, కుళాయి తెరిచాడు. ట్యాంకు నిండింది. ఆగింది. మంచం కాళ్ళ దగ్గర కూర్చుని అరగంట విన్నాడు. ఏమీ వినబడలేదు. ఇంత చిన్న పనికి ఏడు రోజులు, నలభై రోజులు.

బయటికి వస్తే గడప దగ్గర ఆదెమ్మ. చేతిలో పాలగ్లాసు ఉంది. "ఏం చేశావురా మాలకొండా? ఇందాకట్నించీ ఉలుకూ లేదు పలుకూ లేదు. స్వామి వెళ్ళిపోయారా?" అంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మాలకొండయ్య ఆవిడ చేతిలో గ్లాసు తీసుకుని గడప పక్కన పెట్టి, ఆవిడను స్తంభం దగ్గరికి నడిపించి కూర్చోబెట్టాడు.

వంటింటి వసారాలో రత్తమ్మగారు ఇంకా రాళ్ళు ఏరుతూనే ఉన్నారు. మాలకొండయ్య జరిగిందంతా చెప్పాడు. పొద్దున అడిగినప్పుడు దాచుకున్న మాటా, కుళాయి కట్టేసిన సంగతీ, ఎర్రనీళ్ళూ, పేలికా, ముడీ. "ఇంకెన్నాళ్ళు" అన్నచోట ఆగి మళ్ళీ చెప్పాడు. ఆవిడ చాట పక్కన పెట్టి విన్నారు. అంతా అయ్యాక అతను నేలను చూస్తూ అడిగాడు.

"అమ్మా, మీరు ఆసుపత్రిలో చేసినవారు. అంత వంగడం, అంత బలంగా తిప్పడం... ఆ శ్రమకే ప్రాణం పోయిందేమో?"

అబద్ధం ఆవిడ నోట రాదని అతనికి తెలుసు కనుక ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"అయ్యుండొచ్చు" అన్నారు ఆవిడ. కొంగు సర్దుకుని, "అయినా లేచారు" అన్నారు.

మాలకొండయ్య కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఆవిడ ఊరుకోమనలేదు, ఓదార్చలేదు. చాట మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపటికి అతను ముఖం తుడుచుకుని, "రేపు గడప మీద రెండూ చెప్తానమ్మా. ఆయనన్నదీ, నేనన్నదీ. పలక మీద ఏది రాసినా సరే" అన్నాడు. తాళంచెవి తీసి చాట అంచున పెట్టబోయాడు.

ఆవిడ అందుకోలేదు. "తలుపేసి వచ్చావా?"

"లేదమ్మా. తీసే ఉంది."

"పోయి వేసి రా" అన్నారు రత్తమ్మగారు, బియ్యంలోంచి ఒక నల్లరాయి తీసి పక్కన పెడుతూ. "ఎన్నాళ్ళ నిద్రో పాపం, ఇప్పుడే కన్ను మూతపడి ఉంటుంది. ఈసారి మెల్లగా వెయ్యి."